చాలు అనడం మరిచిన గింజ

చిత్త కార్తె, తొమ్మిదో రోజు
పొడవు: 18.2 మి.మీ.
వివరాలు:

ఈ రిజిస్టరులో పొడవు గడిని మాత్రమే పైవాళ్ళు చూస్తారు. పక్కనున్న ‘వివరాలు’ గడిని ఎవరూ చదవరని పదకొండేళ్ళుగా గమనిస్తున్నాను. మూడేళ్ళ కిందట పరీక్షిద్దామని ఇందులో గుత్తివంకాయ కూర చేసే విధానం మొదట్నుంచి చివరిదాకా రాసి పంపాను. ‘పరిశీలించడమైనది’ అని ముద్ర పడి తిరిగొచ్చింది. అప్పట్నుంచి నా మనసులో మాటలు ఇక్కడే రాసుకుంటున్నాను.

నా పేరు గుమ్మళ్ళ త్రిపురసుందరి. ఎనిమిదో లంక పొడవు శాఖలో ప్రమాణ గింజల భద్రాధికారిని. పేరు పెద్దది, పని చిన్నది. పొలాల నుంచి వచ్చిన బియ్యపు గింజను కొలిచి అంకె రాయాలి. ప్రమాణ సీసాకు కాపలా కాయాలి. ఆ సీసాలో పొట్టు మాత్రమే ఒలిచి, పాలిష్ పట్టని పాతకాలపు గింజలు రెండు కిలోలున్నాయి, ఒక్కోటి 5.3 మిల్లీమీటర్లు. మనం ఎక్కడ బయల్దేరామో గుర్తుండటానికి ఇరవై రెండేళ్ళ కిందట వాటిని దాచి, మూతకు లక్క వేశారు. సీసా ఉన్న బీరువా తాళం చెవి నా నడుముకి, ఏటా తూచాక మళ్ళీ వేసే లక్క ఆఫీసు సొరుగులో ఉంటాయి.

ఇవాళ మా గింజ 18.2కి చేరింది. ఏడో లంక వాళ్ళది 17.9 దగ్గర ఆగింది. ప్రధాన కొలతాధికారి ఉమాపతి గారు అందరికీ కొబ్బరి లౌజు పంచారు. గింజ ఎందుకు పొడుగ్గా ఉండాలని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అడిగాను. “ఏడో లంక వాళ్ళది పొడుగ్గా ఉంది కాబట్టి” అన్నారు. వాళ్ళనడిగితే వాళ్ళూ మా పేరే చెబుతారు.

నా బల్ల వరండాలో, చూరు కింద ఉంది. చూరుకి మా ఆఫీసు ఊడ్చే బుల్లెమ్మ వరి కంకులతో అల్లిన పిచ్చుకల కుచ్చు కడుతుంది. ఈ లంకలో ప్రతి ఇంటి చూరుకీ ఒకటి వేలాడుతుంది కనుక దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు. కాకపోతే పిచ్చుకలన్నీ నా రిజిస్టరు మీదే రెట్టలు వేస్తాయి. ఇవాళ సరిగ్గా 18.2 మీద వేశాయి.

“బుల్లెమ్మా, దాన్ని తీసెయ్యి” అన్నాను.

“ఆయ్, రేపు తీసేత్తానండి” అంది. ఈ మాట ఏడేళ్ళుగా అంటోంది.

స్వాతి కార్తె, రెండో రోజు
పొడవు: 18.2
వివరాలు:

వాన. కోతలు ఆగాయి.

మధ్యాహ్నం క్యారియరు విప్పాను. మా ఆయన అన్నం రెండు గంటలు ఉడికించారట. పైన మెత్తగా, లోపల పలుగ్గా ఉంది. ఎప్పుడూ ఇంతే. గింజ పెరిగేకొద్దీ లోపలి పలుకు కూడా పెరిగింది. రెండేళ్ళ కిందట జనం గోల పెడితే శాఖ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఆ పలుకును ఇకమీదట ‘దృఢత్వం’ అనాలని, దృఢత్వం వల్ల పళ్ళు గట్టిపడతాయని.

ఇంతా చేస్తే ఆ పొడుగు గింజను పొడుగ్గా తిన్నవాడు లంకలో ఒక్కడూ లేడు. మరలోకి వెళ్ళిన గింజ నాలుగు ముక్కలై బయటికొస్తుంది. మనం పండించేది పద్దెనిమిది, తినేది నూక. దాన్ని నూక అంటే శాఖకు కోపం, ‘సంక్షిప్త బియ్యం’ అనాలి.

స్వాతి కార్తె, ఐదో రోజు
పొడవు: కొలవలేదు
వివరాలు:

పొద్దున్నే పొలాల అధికారి భాస్కరం తడిసి ముద్దై వచ్చాడు. చేతిలో ఒక వరి కంకి. దాన్ని నా బల్ల మీద పెట్టాడు. కంకి మీద ప్రతి గింజకీ పచ్చటి మొలక వచ్చి ఉంది.

“నిలబడ్డ చేలోనేనా?” అన్నాను.

“నిలబడ్డ చేలోనే మేడం. పన్నెండు వందల ఎకరాల్లో పదకొండు వందలు ఇలాగే ఉంది. గింజ పెద్దదై పొట్టు మూసుకోవట్లేదు. నోరు తెరుచుకున్న గింజలోకి వాన నీళ్ళు పోతే మొలవక ఏం చేస్తుంది?”

ఉమాపతి గారు వచ్చి కంకిని చూసి, “మొలక అని రాయకండి. ముందస్తు ఉత్సాహం అని రాయండి” అన్నారు. తర్వాత ఎన్ని ఎకరాలని అడిగారు. భాస్కరం అంకె చెప్పాడు. ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. గాదెల్లో పాత ధాన్యం వైశాఖం దాకా వస్తుంది. సముద్రం కట్ట దాకా వచ్చాక ధాన్యం పడవలు రావడం మానేశాయి. మూల కార్తెలో రెండో పంటకు, దాళ్వాకు, నారు పోయాలి. ఈ పొడుగు విత్తనమే మళ్ళీ చల్లితే మళ్ళీ నోరు తెరుస్తుంది, ఆ తర్వాత తినడానికి ‘సంక్షిప్త బియ్యం’ కూడా ఉండదు.

అసలు సంగతి ఏమిటంటే, గింజ ఎంత పెరగాలో గింజ ఇష్టం కాదు. దానిలోపల కొన్ని జన్యువులు ఉంటాయి, వాటి పనల్లా చాలు అనడమే. పంక్తిలో వడ్డించేవాళ్ళు మళ్ళీ వేయబోతే మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతామే, అచ్చం అలాగ. పొడవుకి ఒక చెయ్యి, వెడల్పుకి ఒక చెయ్యి, పొట్టుకి ఒకటి. మా శాఖ ఇరవై రెండేళ్ళలో ఆ చేతులు ఒక్కొక్కటే తీసేసింది. గింజను మేమేదో పెంచామని ఊరంతా అనుకుంటోంది. మేం పెంచలేదు, వద్దనేవాళ్ళని తప్పించాం అంతే.

“పాత గింజలో ఆ చేతులన్నీ ఉన్నాయిగా” అన్నారు ఉమాపతి గారు. “ప్రమాణ సీసా తెరుద్దాం. రెండు కిలోలు మొలకెత్తిస్తే, రాత్రింబవళ్ళు వెలిగే దీపాల గదిలో నలభై రోజుల్లో పంట వస్తుంది. దాళ్వా నారుకి అందుతుంది.”

దానికి నియమం కూడా కలిసొచ్చింది. పద్నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ గింజ పండించడం నేరం. అలాంటి విత్తనాన్ని తగలబెట్టి, పండించినవాళ్ళకు కాలవ నీళ్ళు ఆపేస్తారు. నియమం మార్చాలంటే పరిషత్తు కూర్చోవాలి, అది ఫాల్గుణంలో గానీ కూర్చోదు. అయితే ‘ప్రమాణ సీసా నుంచి తీసిన విత్తనానికి కొలత వర్తించదు’ అని కింద ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసినవాడెవరో కాస్త భయం ఉన్న మనిషి.

“సుందరి గారూ, సీసా భద్రంగా ఉంది కదా?” అన్నారు ఉమాపతి గారు.

“ఏటా తూస్తున్నాం కదండీ, బరువూ పొడవూ సరిగ్గా ఉన్నాయి” అన్నాను. అది అబద్ధం కాదు.

స్వాతి కార్తె, ఆరో రోజు
పొడవు: కొలవలేదు
వివరాలు:

నిన్న రాయని మాట ఇవాళ రాస్తున్నాను. సీసాలోంచి నేను బియ్యం దొంగిలించాను.

ఐదేళ్ళ కిందట మా అత్తగారు మంచాన పడ్డారు. ఆవిడకి పళ్ళు లేవు, నూక జావ పెడితే పలుకు గొంతులో అడ్డంపడి దగ్గేవారు. “చిన్నప్పటి బియ్యం ఒక్క గుప్పెడు దొరికితే బాగుండునే సుందరీ” అన్నారు. తాళం చెవి నా నడుముకే ఉంది. ఒక గుప్పెడు తీశాను. ఆవిడ ఆ జావ తాగి కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ గుప్పెడు తీసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

తర్వాత తీసిన గుప్పెళ్ళకి ఉంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. అయినా ఏడాదికి రెండు మూడుసార్లు తీస్తూనే ఉన్నాను. మిరియాల చారులోకి ఆ అన్నం అంత బాగుంటుంది మరి. తూకంలో తేడా రాకుండా పొడుగు గింజల్ని గోళ్ళ కత్తెరతో 5.3కి కత్తిరించి, చివర్లు ఆకురాయి మీద గుండ్రంగా అరగదీసి సీసాలో పోసేదాన్ని. ఆదివారాలన్నీ అందులోనే గడిచిపోయేవి. కత్తిరించిన గింజ కొలతకి పొట్టిదే. కానీ కొలబద్దకు తెలిసిన పొడవు వేరు, గింజకు తెలిసిన పొడవు వేరు. నేలలో వేస్తే అది తన తల్లిలాగే పద్దెనిమిదికి పోతుంది. మనిషి జుట్టు కత్తిరించుకున్నంత మాత్రాన పిల్లలు గుండుతో పుట్టరు కదా.

లెక్క వేసుకుంటే నా వాటా అరకిలో దాటదు. మిగిలిన కిలోన్నర అసలుదే. దాంతో లంక బతుకుతుంది. ఈ ధైర్యంతో ఇవాళ అన్నం తిన్నాను.

స్వాతి కార్తె, ఎనిమిదో రోజు
పొడవు: 5.3
వివరాలు:

ముగ్గురం కూర్చుని సీసా తెరిచాం. తెల్లగుడ్డ మీద పోశాం. నేను భూతద్దం పెట్టుకుని నా గుండ్రటి గింజల్ని గుట్టుగా పక్కకి నెడదామని చూశాను.

గుండ్రటివి కనిపించాయి. వాటికంటే ఎక్కువగా ఏటవాలుగా తెగినవి కనిపించాయి. అన్నీ ఎడమవైపుకే వాలి ఉన్నాయి. భాస్కరంది ఎడమచేతి వాటం. వాటన్నిటికంటే ఎక్కువగా, అద్దంలా నున్నగా తెగినవి ఉన్నాయి. అంత నున్నగా కోసే యంత్రం లంకలో ఒక్కటే ఉంది, అది ఉమాపతి గారి గదిలో ఉంది. తాళం చెవి నా నడుముకే ఉందని ఇన్నేళ్ళూ గర్వపడ్డాను. మారు చెవులు రెండున్నాయని ఇవాళ తెలిసింది.

“ఈ గింజల చివర్లు కాస్త తేడాగా ఉన్నట్టున్నాయండీ” అన్నాను.

“కాలం సుందరి గారూ” అన్నారు ఉమాపతి గారు. “కాలానికి ఏదైనా అరుగుతుంది.”

“ఏటవాలుగానా సార్?”

భాస్కరానికి దగ్గు వచ్చింది. మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళి చాలాసేపు రాలేదు.

రెండు చివర్లూ కత్తి తగలని గింజలు నలభై ఒకటి దొరికాయి. రెండు కిలోల్లో నలభై ఒకటి. అవి మాత్రమే వేద్దామంటే ఉమాపతి గారు ఒప్పుకోలేదు. అసలువి ఏరడమంటే నకిలీవి ఉన్నాయని ఒప్పుకోవడమట. “అన్నీ ప్రమాణ గింజలే. ముందు ఒక ట్రేలో పట్టినన్ని కలిపి వేయండి, మొలిస్తే మిగతావి వేద్దాం” అన్నారు. నేను నలభై ఒక్కటినీ ట్రేలో చివరి వరసలో పెట్టి, ఆ వరస మొదట్లో ఒక పుల్ల గుచ్చాను.

ముగ్గురం దొంగలమే, ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. అయినా ఒకరికొకరం గౌరవంగా నమస్కారాలు పెట్టుకుని ఇళ్ళకు వెళ్ళాం.

విశాఖ కార్తె, రెండో రోజు
పొడవు: వర్తించదు
వివరాలు:

ట్రేలో అరవై మూడు మొలిచాయి. చివరి వరసలో ఒక్కటీ మొలవలేదు. ఇరవై రెండేళ్ళు సీసాలో ఉన్న గింజ, దాన్ని తప్పుపట్టలేం. గింజకి ఒక కొసన మొలక కన్ను ఉంటుంది. రెండో కొస మాత్రమే తెగిన గింజల్లో కన్ను మిగిలింది. మొలిచినవన్నీ అవే, అంటే మేం కత్తిరించిన పొడుగు గింజలు. ట్రేలో వేయకుండా మిగిలినవి మూటకట్టి బీరువాలో పెట్టాను.

నేను చెప్పేలోగా ఉమాపతి గారు మైకు పెట్టించారు. “ప్రమాణ విత్తనం మొలకెత్తింది. మన శాఖ ముందుచూపు వల్ల లంక గట్టెక్కింది” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళతో కలిసి నేనూ కొట్టాను.

అనూరాధ కార్తె, ఆరో రోజు
పొడవు: వర్తించదు
వివరాలు:

దీపాల గదిలో మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. చూడటానికి వరి వరే, లోపల ఏముందో ఆకు చెప్పదు.

వీధిలో అందరూ పలకరిస్తున్నారు. చిన్న బియ్యం వస్తున్నాయటగా సుందరమ్మగారూ అని అడుగుతున్నారు. ఎదురింటావిడ అటక మీంచి వాళ్ళ నాయనమ్మ నాటి సన్నకంతల జల్లెడ దించి, తోమి ఎండలో పెట్టుకుంది. దాన్ని చూస్తూ నడవలేక ఇవాళ వేరే సందులోంచి ఆఫీసుకొచ్చాను. నిజం చెబితే ముగ్గురి ఉద్యోగాలూ పోతాయి. చెప్పకపోతే లంకకి తిండి పోతుంది. ఈ రెండిట్లో ఏది పెద్దదో నాకు తెలుసు. అయినా చెప్పలేకపోతున్నాను.

జ్యేష్ఠ కార్తె, నాలుగో రోజు
పొడవు: 18.4
వివరాలు:

దీపాల గదిలో కంకులు పండాయి. కొలిచాను. పద్దెనిమిది పాయింట్ నాలుగు. వేరే రోజుల్లో అయితే ఇది రికార్డు, కొబ్బరి లౌజు పంచేవాళ్ళు.

తలుపు మూసి ఉమాపతి గారికి, భాస్కరానికి అంతా చెప్పేశాను. నా గుప్పెళ్ళ సంగతి ముందు చెప్పాను. భాస్కరం తల దించుకుని, “మా ఆవిడ నీళ్ళోసుకున్నప్పుడు మొదలెట్టాను మేడం” అన్నాడు. ఉమాపతి గారు మాత్రం తాను తిన్నట్టు చెప్పలేదు. “నాణ్యత పరీక్ష కోసం వాడాను” అన్నారు. వారానికి రెండుసార్లు పరీక్షించారట.

తర్వాత ఆయన తన పథకం చెప్పారు. వినేటప్పుడు నవ్వొచ్చింది, విన్నాక లేచి తలుపు గడియ కూడా వేశాను.

“నారు పోయడానికి ఆరు వందల కిలోలు కావాలి. నలభై మందిని పెడదాం, తలకొక గోళ్ళ కత్తెర ఇద్దాం. పొడుగు గింజల్ని 5.3కి కత్తిరించి జనానికి పంచుదాం. మొలక కన్ను పోకుండా జాగ్రత్తగా కత్తిరించమందాం.”

“అవి పెరిగి మళ్ళీ పద్దెనిమిదే కాస్తాయి కదా సార్. మళ్ళీ నోరు తెరుస్తాయి” అన్నాను.

“అది వైశాఖం సంగతి. ఇప్పుడు జనానికి పొట్టి విత్తనం కనిపించాలి. వైశాఖానికి నేను రిటైరవుతాను.”

మనిషి మీద చెయ్యి చేసుకోవాలనిపించడం నా జీవితంలో అదే మొదటిసారి. “వైశాఖానికి లంకలో జనం గంజినీళ్ళు లేక పడిపోతారు. మీరు రిటైరై ఎవరి మధ్య కూర్చుంటారు?” అన్నాను.

“మీ దగ్గర ఇంతకంటే మంచి విత్తనం ఉంటే చెప్పండి. మూల కార్తె రెండో రోజు దాకా ఆగుతాను. ఆ తర్వాత కత్తెరలు పంచుతాను” అన్నారు. అంటే నాకు పదకొండు రోజులు.

జ్యేష్ఠ కార్తె, ఏడో రోజు
పొడవు: 5.3
వివరాలు:

పొద్దున వరండాలో తల పట్టుకుని కూర్చున్నాను. కత్తెరల నమూనాలు అప్పుడే వచ్చాయి, పెట్టె విప్పి ఉంది. ముంగిట్లో తడిసిన ధాన్యం ఆరబోశారు. లంకలో పిచ్చుకలన్నీ ఆ ధాన్యం మీద ఉండాలి. ఒక్కటీ లేదు. అన్నీ నా నెత్తి మీద చూరుకి వేలాడుతున్న కుచ్చు మీదే కొట్టుకుంటున్నాయి. బుల్లెమ్మ నిన్ననే కొత్త కుచ్చు కట్టింది.

ఒక పిచ్చుక కింద ధాన్యం దగ్గర వాలి, ఒక పొడుగు గింజను ముక్కుతో ఎత్తబోయింది. గింజ అడ్డం తిరిగింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ అడ్డం తిరిగింది. విసుక్కున్నట్టు వదిలేసి పైకెళ్ళి కుచ్చు మీద గింజను పుటుక్కున ఒలుచుకుని తింది. పొట్టు నా రిజిస్టరు మీద రాలింది.

ఆ పొట్టును చూశాను. బల్ల ఎక్కి ఒక గింజ తెంపాను, ఒలిచాను, కొలిచాను. 5.3. రెండోది, 5.3. పదోది, 5.3. రెండు చివర్లూ చూశాను. ఏ కత్తీ తగల్లేదు.

పదకొండేళ్ళుగా కొలబద్ద నా చేతిలో ఉంది, కుచ్చు నా నెత్తి మీద ఉంది. బల్ల మీదే కూలబడ్డాను.

బుల్లెమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. నన్ను బల్ల మీద చూసి, “దిగండమ్మగోరూ, రేపు తీసేత్తానన్నాను కదండి” అంది.

“బుల్లెమ్మా, ఈ వడ్లు ఎక్కడివి?”

“ఎక్కడియ్యేటండి. మాయే. తూరుపు కాలవ గట్టు మీద ఏసుకుంటామండి, మా ఆడోళ్ళందరం.”

“చిన్న గింజ ఎందుకు వేస్తున్నారు?”

ఆమె నావైపు జాలిగా చూసింది. “పిట్ట నోరు పెరగలేదు కదండి” అంది. “మీరు గింజని పెంచేసేరు. పిట్టలకేటి ఎడతాం? కుచ్చు కట్టకపోతే కొత్త పంట ఇంట్లోకి ఎలా తెత్తామండి, మా అమ్మ కట్టింది, ఆళ్ళమ్మ కట్టింది. అందుకని పాత వడ్లు మానకుండా ఏత్తన్నామండి. లంకలో కుచ్చులన్నీ మాయే.”

“ఇరవై రెండేళ్ళుగా? ఒక్కసారైనా చెప్పలేదేం?”

“పొడుగుది కావాలన్నారు కదండి తమరు. పొట్టిది ఉందేటని అడిగేరా ఎప్పుడన్నా?”

అడగలేదు. తీసెయ్యమనే అన్నాను.

“పిట్టలు తినగా మిగిలింది ఏం చేస్తారు?” అన్నాను.

బుల్లెమ్మ చీపురు అటూ ఇటూ మార్చుకుంది. “తింటామండి” అంది నెమ్మదిగా. “మీ అత్తగోరికి కూడా నేనే జావ పోసేదాన్నండి, ఇక్కడ ఊడ్చేసి మీ ఇంటికెల్లి, తమరు ఆఫీసులో ఉండగా. పాపం పెద్దావిడ, కోడలికి సెప్పొద్దనేవోరు. నేరం కదా, ఉజ్జోగం పోద్దని.”

నేను నా ఉద్యోగం పణంగా పెట్టి ఆవిడకి జావ పోస్తున్నాననుకున్నాను. ఆవిడ నా ఉద్యోగం కాపాడటానికి అదే జావ నాకు తెలియకుండా తాగేవారు. బల్ల మీద కూర్చుని ఏడ్చాను. బుల్లెమ్మ నా కాళ్ళ చుట్టూ ఊడ్చుకుని వెళ్ళింది.

జ్యేష్ఠ కార్తె, పదకొండో రోజు
పొడవు: రాయను
వివరాలు:

గట్టు ఆడవాళ్ళ ఇళ్ళల్లో విత్తనం, చూర్ల నుంచి దించిన కుచ్చులు, అన్నీ కలిపి పన్నెండు బస్తాలు అయ్యాయి. ఆరు వందల కిలోలు. ముప్పై ఎకరాల నారుకి సరిపోతుంది. అది పండితే లంకంతా గంజి తాగి బతుకుతుంది, వానాకాలానికి అందరికీ విత్తనం దొరుకుతుంది.

బుల్లెమ్మ ఒకటే షరతు పెట్టింది. “వీధికో కుచ్చు ఉంచాలండి. అన్నీ మనమే తినేత్తే పిట్టలకేటి మిగులుద్ది?” ఒప్పుకున్నాను.

కానీ నియమం ఒకటి ఉందిగా. ఈ విత్తనం 5.3 అని పొడవు గడిలో రాస్తే తూము దగ్గరే తగలబెడతారు. ఎవరు పండించారో రాస్తే గట్టు ఆడవాళ్ళకి కాలవ నీళ్ళు ఆపేస్తారు. పరిషత్తు ఫాల్గుణంలో కూర్చుని వాళ్ళ గొప్పతనం గురించి తీర్మానం చెయ్యొచ్చు, అప్పటికి నారు పోసే రోజులు దాటిపోతాయి. ‘ప్రమాణ సీసా నుంచి తీసిన విత్తనం’ అని రాస్తే మాత్రం ఏ కొలతా అక్కర్లేదు.

భాస్కరం రాత్రంతా ఆలోచించాడట. పొద్దున్నే వచ్చి, “మేడం, సీసాలో పోసి తీస్తే సీసా నుంచి తీసినట్టే కదా?” అన్నాడు. ఈ శాఖలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషికే రావాల్సిన ఆలోచన అది.

మూల కార్తె, మొదటి రోజు
పొడవు: వర్తించదు
వివరాలు: ప్రమాణ సీసా నుంచి తీసిన విత్తనం, 600 కిలోలు.

సీసాలో రెండు కిలోలే పడతాయి. మూడు వందల సార్లు పోశాం, మూడు వందల సార్లు ఒంపాం. బస్తాలోంచి భాస్కరం పోస్తాడు, నేను సీసా వంచుతాను, బుల్లెమ్మ గోతం పట్టుకుంటుంది. నిన్న పొద్దున మొదలుపెడితే ఇవాళ సాయంత్రానికి అయింది. నా భుజాలు పడిపోయాయి. నూట యాభయ్యో సారి బుల్లెమ్మ అడిగింది, “ఇలా పోసి తీత్తే గింజకేటన్నా అవుద్దాండి?”

“గింజకి ఏమీ అవదు. కాయితానికి అవుతుంది” అన్నాను.

సాయంత్రం ఉమాపతి గారు వచ్చారు. బస్తాలు చూశారు, ఒక గింజ తీసి, ఒలిచి రెండు చివర్లూ చూశారు. అంత నున్నగా కోసేవాడికి కోయని గింజ చూడగానే తెలిసిపోతుంది. గింజను మళ్ళీ బస్తాలో వేశారు.

“సీసా నుంచేనా?” అన్నారు చివరికి.

“సీసా నుంచేనండి. మూడు వందల సార్లు.”

సంతకం పెట్టారు. కత్తెరల పెట్టె వెనక్కి పంపించారు.

మూల కార్తె, ఎనిమిదో రోజు
పొడవు: వర్తించదు
వివరాలు:

నారు పచ్చగా లేచింది. పరిషత్తు ముందుగానే కూర్చుంది. నియమం మార్చడానికి కాదు, ఉమాపతి గారికి శాలువా కప్పడానికి. ప్రమాణ సీసాను ఇరవై రెండేళ్ళు కంటికి రెప్పలా కాపాడిన దార్శనికుడని పత్రం చదివారు. నాకూ భాస్కరానికీ చెరొక పూలదండ వేశారు. బుల్లెమ్మ సభ అయ్యాక రాలిన పూలు ఊడ్చింది.

దండ మెడలో ఉండగా నాకు చాలా సిగ్గేసింది. నిజం లేచి చెబుదామని రెండుసార్లు కుర్చీ అంచుకి జరిగాను. గుమ్మం దగ్గర చీపురుతో నిలబడ్డ బుల్లెమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆమెకి శాలువా అక్కర్లేదు, గట్టుకి కాలవ నీళ్ళు కావాలి. మళ్ళీ వెనక్కి జరిగి కూర్చున్నాను.

సభ అయ్యాక ఉమాపతి గారు నన్ను పక్కకి పిలిచారు. “సీసాలో రెండు కిలోలు కొత్తగింజ ఉంచి లక్క వేశారు కదా?”

“వేశానండి.”

“బాగుంది.” గొంతు తగ్గించి అన్నారు, “అదేనండీ, ఒక్క గుప్పెడు. నాణ్యత పరీక్షకి.”

“తీసుకోండి” అన్నాను. “మీ దగ్గర మారు చెవి ఉందిగా.”

ఆయన తీసుకెళ్తారని నాకు తెలుసు. భాస్కరం కూడా తీస్తాడు, వాళ్ళావిడ మళ్ళీ నీళ్ళోసుకుందట. నేనూ తీస్తాను, నా సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే సీసాలో కొత్తగింజ పోయలేదు. మేం ముగ్గురం ఇన్నేళ్ళు కష్టపడి కత్తిరించిన పాత గింజలే మూటలోంచి తీసి మళ్ళీ పోసి లక్క వేశాను. ఇంటికెళ్ళి వండుకున్నాక ఆయనకి తెలుస్తుంది. తెలిసినా ఎవరికి చెప్పుకుంటారు?

కింది వరస మాత్రం పొడవు గడిలో రాస్తున్నాను. పైవాళ్ళు చదువుతారు, చదివి ముద్ర కొడతారు.

ప్రమాణ గింజ: 5.3. ఉన్న చోటు: వరండా చూరు. కాపలా: పిచ్చుకలు.